పలకని ‘పలుకు’

“ఆయన పలకడు మేడం. ‘ఓనరు వదిలేసి పోయాడు’ అని సైట్‌లో నోటీసు పెట్టేద్దాం” అన్నాడు ప్రద్యుమ్న.

సింధూరి ఒప్పుకోలేదు. ఎక్కడో బతికున్న మనిషిని పట్టుకుని, వదిలేసి పోయాడని నలుగురిలో ఎలా అంటామంది.

ఇద్దరూ గన్నవరం దగ్గర చూపులేని పిల్లల బడిలో కంప్యూటర్ టీచర్లు. ఆ పిల్లల ఫోన్లలో తెలుగును పైకి చదివి వినిపించే మాడ్యూల్ ఒకటుంది. పేరు ‘పలుకు’. సుబ్బారావు అనే ఆయన దాన్ని రాసి, ఎవరైనా వాడుకోండని ఒక సైట్‌లో ఉచితంగా పెట్టారు. ఈమధ్య ఫోన్లు అప్‌డేట్ అయ్యాక అది మూగబోయింది. ఇంగ్లీషైతే ఫోనే చదువుతుంది. తెలుగు వస్తే మాత్రం చడీచప్పుడూ ఉండదు. పరీక్షలు దగ్గరకొచ్చాయి. పిల్లలు పాఠం కోసం ఫోను చెవి దగ్గర పెట్టుకుని, ఏమీ వినపడక దించేస్తున్నారు.

రిపేరు పెద్దదేం కాదు. ఇద్దరూ కలిసి చేసి పెట్టుకున్నారు. కానీ అది అందరి ఫోన్లకూ చేరాలంటే సుబ్బారావు ‘పలుకు’ను వీళ్లకు అప్పగించాలి. అలా ఉచితంగా ప్రోగ్రాములు పంచుకునే లోకంలోనూ ఓ మర్యాద ఉంది. ముందు ఓనరును అడగాలి, జవాబు కోసం ఆగాలి. అప్పటికీ పలక్కపోతేనే నోటీసు పెట్టి సైటు పెద్దల్ని అడగాలి.

అడిగే పని సింధూరే తీసుకుంది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కొట్టి పడేద్దామని ప్రద్యుమ్న అంటే కసిరింది. తెలుగు కోసం అంత కష్టపడిన పెద్దమనిషికి ఇంగ్లీషులో రాస్తారా? ‘గౌరవనీయులైన సుబ్బారావుగారికి నమస్కారములు’ అని మొదలుపెట్టి, చివర సంతకం దాకా ఒక్క ఇంగ్లీషు అక్షరం దొర్లకుండా మెయిల్ రాసింది. జవాబు రాలేదు. మళ్లీ రాసింది, ఇంకాస్త వినయంగా. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నోటీసు పెట్టేముందు ఒకసారి ఎదురుగా అడిగి చూద్దామని, ఆయనది మైలవరమని వాకబు చేసి, ఆదివారం ఇద్దరూ బస్సెక్కారు.

సుబ్బారావు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, చేతిలో ఫోను. వీళ్లు మెట్లెక్కినా తలెత్తలేదు. ఎవరని మాత్రం అడిగారు. ఆ తీరు చూసి సింధూరికి చిర్రెత్తుకొచ్చింది. అయినా తమాయించుకుని, ‘పలుకు’ బాధ్యత తమకిమ్మని అడగడానికి వచ్చామంది.

ఆయన ముఖం విప్పారింది. “మీరు చూసుకుంటారా అమ్మా? ఎవరైనా అడక్కపోతారా, చేతిలో పెట్టేద్దామని రోజూ కాచుక్కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఒక్కరూ అడగలేదు.”

సింధూరి ఇక ఆగలేకపోయింది. “మేం అడిగామండీ. రాస్తూనే ఉన్నాం. ఇష్టం లేకపోతే లేదని ఒక్క ముక్క చెప్పొచ్చు కదా. అక్కడ పిల్లల చదువు ఆగిపోయింది.”

ఆయన కంగారుగా లేచారు. చెయ్యి గాల్లో తడుముకుంటూ వెళ్లి, వరండా స్తంభం అందాక దాన్ని పట్టుకుని నిలబడ్డారు.

“కళ్లు పోయాక కోడ్ రాయడం నావల్ల కాలేదు. వచ్చిన మెయిళ్లు మాత్రం రోజూ ఈ ఫోన్లో వింటూనే ఉన్నానమ్మా” అన్నారు. “మీరు ఏ భాషలో రాశారు?”