ఆకుల లాంతరు

“నాన్నా, మళ్లీ చొక్కాకి జిగురు పూసుకున్నావా?”

“లేదమ్మా, అదే అంటుకుంది,” అన్నాడు బుజ్జి, మరకని అరచేత్తో కప్పేస్తూ.

“అదే నడుచుకుంటూ వచ్చి అంటుకుందా?”

ఆ గొంతుకి బుజ్జి రహస్యంగా పెట్టుకున్న పేరు జడ్జిగారు. జడ్జిగారు కళ్లద్దాలు పైకి తోసుకుని, చేతులు కట్టుకుని, బల్లకి అవతలివైపు నిలబడి ఉన్నారు. బల్ల మీద ఖాళీ జాం సీసా, ఎండుటాకులు, గిన్నెలో మైదా జిగురు.

మర్నాడు బడిలో ఆకురాలే కాలం పోటీ. ఇంట్లో పడి ఉన్న వస్తువులతో, రాలిన ఆకులతో లాంతరు చేసి తీసుకెళ్లాలి. కొన్నదేదీ వాడకూడదు. పోటీలో ఉన్నవాళ్లు తప్ప ఇంకొకరు వేలు కూడా పెట్టకూడదు.

ఆకులు మాత్రం బాగా కుదిరాయి. లావుపాటి పుస్తకాల మధ్య పెట్టి, పైన ఇస్త్రీపెట్టె బరువు ఉంచితే అప్పడాల్లా చదునయ్యాయి. తంటా అంతా జిగురుతోనే. దాన్ని బుజ్జే కాచాడు. “గిన్నెలోకి చూడు, కిటికీలోకి కాదు. చెయ్యి కాల్చుకునేవు,” అంటూ జడ్జిగారు పక్కనే కాపలా కాశారు. అయినా ఉడత కనబడేసరికి బుజ్జి చూపు అటే పోయింది. తిరిగి చూసేలోపు జిగురు ఉండలు కట్టింది.

“పోయినేడాది సంగతి గుర్తుందా?” అన్నారు జడ్జిగారు.

గుర్తులేకేం! బుజ్జి చేసిన గాలిమర టీచరు చేతిలోనే రెక్కలు రాల్చేసింది. హాలంతా ఒకటే నవ్వు. అందరికంటే గట్టిగా నవ్వింది పక్కింటి గుండు. ఆ తర్వాత ఇంట్లో రెండు రోజులు జడ్జిగారు మాట్లాడలేదు. తిట్టినా బాగుండుననిపించింది బుజ్జికి.

“ఈసారి కూడా ఊడిపోతే ఆ బడి గుమ్మంలో నేను తలెత్తుకోలేను, చెప్తున్నా.”

బుజ్జి తలూపి, బల్ల కింద మెల్లగా జేబులో చెయ్యి పెట్టాడు.

“జేబులో ఏంటది?”

“రుమాలు.”

“రుమాలుకి మూత ఉంటుందా?”

దొరికిపోయాడు. షాపులో కొన్న గమ్ము ట్యూబు బల్ల మీదికి రాక తప్పలేదు.

“పోనిద్దూ, ఈ ఒక్కసారికీ వాడుకోనీ,” అంది మూల కుర్చీలోంచి ఇంటి పెద్దావిడ. “పాపం, మొహం చూడు ఎలా వేలాడేశాడో.”

“నువ్విలా వెనకేసుకొస్తున్నావు కాబట్టే ఈ దొంగబుద్ధులు!” జడ్జిగారు ట్యూబు స్వాధీనం చేసుకున్నారు. “పోటీ అయ్యాకే ఇస్తా.”

పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

ఇక దారిలేదు. బుజ్జి కాసేపు గిన్నెకేసి దిగాలుగా చూశాడు. ఉన్నట్టుండి రెండో జేబులోంచి నిజం రుమాలే తీశాడు. జిగురంతా అందులో పోసి, మూట కట్టి పిండాడు. ఉండలన్నీ గుడ్డలో ఉండిపోయాయి. మీగడలాంటి జిగురు దిగింది.

“అబ్బో!” అన్నారు జడ్జిగారు. ఆ ఒక్క మాటకే బుజ్జి ఛాతీ ఉబ్బింది.

ఎర్రాకు పక్కన పసుపాకు, దాని పక్కన గోధుమరంగుది. నాలుక పళ్ల మధ్య బిగించి ఒక్కొక్కటే అతికించాడు. ఒక ఆకు వంకరగా పడింది. జడ్జిగారి వేలు తనంతట తానే ముందుకొచ్చింది.

“అమ్మా! చెయ్యి వెయ్యకూడదు!”

జడ్జిగారు చటుక్కున రెండు చేతులూ వెనక్కి దాచుకున్నారు. బుజ్జి జీవితంలో అంత తీపి క్షణం ఇంకోటి లేదు.

మర్నాడు బడి హాల్లో బల్లల నిండా లాంతర్లే. టీచరు మైకు అందుకుంది.

“ఇన్నేళ్లుగా మా దగ్గరికొచ్చే బొమ్మలు ఎవరు చేస్తున్నారో మాకు తెలియదనుకోకండి. అందుకే ఈసారి పద్ధతి మార్చి, ఆ చేసేవాళ్లనే పోటీకి పిలిచాం.”

వెనక వరసల్లో చాలామందికి ఒక్కసారిగా దగ్గొచ్చింది.

గుండు లాంతరు అందరికంటే ధగధగలాడుతోంది. టీచరు దాన్ని తిరగేసింది. అడుగున షాపు వాళ్ల చీటీ.

“ఇదేంటి?”

“అది... సీసాతోపాటే వచ్చింది టీచర్,” అన్నాడు గుండు, నెత్తి తడుముకుంటూ.

టీచరు నవ్వాపుకుంటూ దాన్ని పక్కన పెట్టింది. బుజ్జి ఎవరూ చూడకుండా గుండుకి నాలుక చూపించాడు. జడ్జిగారు చూశారు. బుజ్జి నాలుక లోపలికెళ్లిపోయింది.

తర్వాత వీళ్ల బల్ల. టీచరు లాంతరుని తీగ పట్టుకుని ఎత్తింది. అటూ ఇటూ ఊపింది. ఒక ఎర్రాకు అంచు లేచింది. బుజ్జి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. జడ్జిగారి గోళ్లు బుజ్జి చేతిలో దిగబడ్డాయి.

ఊడలేదు.

హాల్లో లైట్లు ఆర్పి, సీసాలో చిన్న టార్చి వెలిగించారు. ఆకుల ఈనెలన్నీ గోడ మీద వలలా పరుచుకున్నాయి. అందరూ “హా” అన్నారు.

“ఇందులో ఎవరి సాయమూ లేదుగా?” టీచరు జడ్జిగారి వైపు చూసింది.

“లేదు టీచర్. ఒక్కసారి వేలు పెట్టబోతే గట్టిగా కేకలేయించుకున్నాను.”

కాసేపటికి మైకు గరగరలాడింది. “మొదటి బహుమతి, జాం సీసా లాంతరుకి!”

“గెలిచావు నాన్నా!” జడ్జిగారు చప్పట్లు కొడుతూ ఎగిరారు. అంతలోనే సర్దుకుని, “చొక్కా కిందికి లాక్కో. జుట్టు దువ్వుకో. అక్కడికెళ్లి వెర్రిగా నవ్వకు,” అన్నారు.

“నువ్వూ రామ్మా. ఒక్కణ్ణీ వెళ్లాలంటే నాకు సిగ్గు.”

“నేనెందుకు? నేనేం చెయ్యలేదుగా!”

బుజ్జి వినలేదు.

కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని వేదిక వైపు పరుగెత్తాడు.