భుజాల కొలత

ఈదన్న పాత జాకెట్‌ను గల్లాపెట్టె మీదికి విసిరికొట్టాడు. అగరుబత్తుల స్టాండు కిందపడి దొర్లింది.

"గిదేనా సేటు నువ్వు అమ్మేది? జాకెట్ అని పేరుపెట్టి బొంత అంటగడ్తవా?"

నరేందర్ ముందు స్టాండు తీసి పైన పెట్టాడు. తర్వాత మనిషిని చూశాడు. వనపర్తి బస్టాండు ఎదురుగా ఇరవై రెండేళ్లుగా బట్టల దుకాణం నడుపుతున్నవాడికి అరుపులు కొత్త కాదు. నవ్వుతూ వచ్చినవాడు పది చూసి ఉత్తచేతులతో పోతాడు. అరుస్తూ వచ్చినవాడికి అవసరం ఉంటుంది. అతని లెక్క అది.

ఈదన్న ఖిల్లా ఘణపూర్ గుంపు మేస్త్రి. ఏటా పన్నెండు మంది కూలీలను మంచుకొండల్లో సొరంగం పనికి తీసుకుపోతాడు. రైలెక్కేముందు గుంపుకు చలిబట్టలు ఇప్పించడం మేస్త్రి వంతు. పోయినేడు ఈ దుకాణంలోనే ఇప్పించాడు. రేపు పొద్దున్నే మళ్లీ ప్రయాణం. అతని వెనుక గుంపులోని మల్లేశ్, మల్లేశ్ భార్య పుష్పమ్మ నిలబడ్డారు.

"అన్నిట్లకంటె తక్కువది తియ్యమన్నది నువ్వే" అన్నాడు నరేందర్. అతనికీ ఒళ్లు మండింది. "పొద్దుగాల బండి మీద పాలు పోసేటోళ్లు కొనుక్కునే సరుకది. మంచుల పని అని అప్పుడు చెప్పినవా?"

"చెప్పకుంటె అడగవా? మల్లేశ్, ఇటు రారా. సేటుకు జర నీ దగ్గు వినిపియ్."

మల్లేశ్ సిగ్గుపడ్డాడు. దగ్గు మాత్రం ఆగలేదు. వంగిపోయి దగ్గాడు. పుష్పమ్మ వీపు రాసింది.

"విన్నవా? నాలుగు దినాలల్ల తడిసి లోపలి దూది ముద్దయింది. ఛాతిల నిమ్ము చేరింది. ఇరవై దినాలు దవాఖానల పండిండు. సగం మనిషైండు. ఇంకొకసారి గట్లయితె ఎవరు జిమ్మేదారి? నువ్వా?"

నరేందర్ అరలోంచి ఒక జాకెట్ తీసి పరిచాడు. "ఇది చూడు. నీళ్లు పట్టది."

ఈదన్న బల్ల మీది గ్లాసు ఎత్తి దానిమీద కుమ్మరించాడు. నీళ్లు కాసేపు ముత్యాల్లా నిలిచాయి. తర్వాత కుట్ల దగ్గర ఇంకాయి.

"పక్కన పడెయ్."

రెండోదాని గుడ్డను నోటికి ఆనించి గట్టిగా ఊదాడు. అవతల పెట్టిన అరచేతికి గాలి తగిలింది.

"పక్కన పడెయ్. కొండమీది గాలి నా నోటిగాలి లెక్కనుంటదా?"

"ఇదుగో, బాతు ఈకలు నింపింది. మస్తు వెచ్చగుంటది."

"తడిస్తె?"

నరేందర్ ఆ జాకెట్‌ను వెనక్కి మడిచాడు. "తడిస్తె ఉండలు కట్టి వేడి ఆగదు."

"సొరంగంల మీదికెళ్లి దినమంత నీళ్లు కారుతనే ఉంటయి. తెలిసి తెలిసి చూపిస్తున్నవ్ చూడు, నీ యాపారం పాడుగాను!"

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. నరేందర్‌కు చెవులు వేడెక్కాయి. దుకాణం మూసి ఇతన్ని బయటికి నెట్టాలనిపించింది. మల్లేశ్ మళ్లీ దగ్గాడు. నరేందర్ నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు.

అటక మీదిది ఎవరో కొండలెక్కేవాళ్లు తెప్పించమని చెప్పి, మళ్లీ రాక మిగిలిపోయిన జాకెట్. కుట్లన్నిటికీ లోపల రబ్బరు పట్టీలు. జిప్పు మీద రెండు మడతలు. తడిసినా వెచ్చదనం పోని నింపుడు. మణికట్టు దగ్గర బిగించుకునే పట్టీ. హెల్మెట్ మీదికి కూడా వచ్చే టోపీ.

ఈదన్న నీళ్లు పోశాడు. జారిపోయాయి. ఊదాడు. గాలి వెనక్కి కొట్టింది. కుట్లు గోటితో గీకాడు. జిప్పు ఇరవైసార్లు లాగాడు. మొదటిసారి అరవలేదు.

"మల్లేశ్, తొడుక్కో."

ఏప్రిల్ ఎండలో మల్లేశ్ చేతులు దూర్చాడు. చేతుల చివరలు వేళ్లను మింగేశాయి. భుజాలు కిందికి జారాయి.

"ఇతనికి పెద్దగైంది. చిన్న సైజు తెప్పిస్త" అన్నాడు నరేందర్.

"వద్దు. గదే ఉండని. భుజాలు గంతుండాలె."

లోపల స్వెటర్‌కు చోటు చూసుకుంటున్నాడనుకున్నాడు నరేందర్. పుష్పమ్మ ముందుకొచ్చి జిప్పు మొగుడి గొంతుదాకా లాగింది. మల్లేశ్ నుదుట చెమట పట్టింది. అయినా నవ్వుతున్నాడు.

"పెండ్లికొడుకు లెక్కనున్నవ్" అంది పుష్పమ్మ. తర్వాత నరేందర్ వైపు తిరిగింది. "మా మేస్త్రి నోరు పెద్దది సేటు, ఏమనుకోకు. గీయన కొట్లాడకుంటె మా మొఖాలకు గిసోంటిది ఎవరు చూపిస్తరు?"

"ఇగ చాలు, విప్పు" అన్నాడు ఈదన్న. "చెమట అంటుతది."

ఇరవై రెండేళ్లలో ఎందరో మేస్త్రులు ఈ గడప ఎక్కారు. కూలీల బట్టల కోసం ఇంత కోపం తెచ్చుకున్నవాణ్ని నరేందర్ చూడలేదు. కిందపడి ఉన్న పాత జాకెట్ కనిపించింది. అది అమ్మిన చెయ్యి తనదే. నరేందర్ కోపం తనమీదికే తిరిగింది. ఎప్పుడూ వెయ్యని లెక్క ఒకటి వేశాడు.

"మేస్త్రీ, లాభం ఒద్దు నాకు. కొన్న ధరకే ఇస్త. ఇప్పుడే హైదరాబాదుకు ఫోన్ చేస్త. పొద్దుమూకేవరకు బస్సుల మిగిలిన పదకొండు దించుత. ఒక్కొక్కని సైజు చెప్పు."

మల్లేశ్ రెండు చేతులూ ఎత్తి సేటుకు దండం పెట్టాడు. పుష్పమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఈదన్న కొత్త జాకెట్‌ను పసిపిల్లను పడుకోబెట్టినట్టు మడతపెట్టి సంచిలో దూర్చాడు. వంగి, పాత జాకెట్ ఎత్తి, దుమ్ము దులిపి, నరేందర్ ముందు పెట్టాడు.

"కొత్తది ఒక్కటే చాలు సేటు, మా చిన్నకొడుకు మొదటిసారి పనికాడికి వస్తుండు, వీళ్ల పన్నెండు మందికి మల్ల గివే కట్టు."