నేరేడు చెట్టు కింద కుక్క

పెరట్లో నేరేడు చెట్టుకు పట్టిన తేనెతుట్టెను తీయడానికి దుమ్ముగూడెం నుంచి మనిషి వచ్చాడు. పైకి ఒకసారి చూసి, పొగ పెట్టడానికి తెచ్చిన ఎండు గడ్డిని పక్కన పడేశాడు.

గనిలో పనిచేసి రిటైరైన శ్రీశైలం తలకు తువ్వాలు చుట్టుకుని గ్రిల్లు తలుపు వెనక నుంచే అడిగాడు. "ఏందన్నా, ఎక్కవా?"

"నీ కుక్క ఈ చెట్టు కింద ఎన్ని దినాల సంది పండుకుంటుంది సారూ?"

"నెల సంది. కోళ్లు గూడ ఆడనే మేస్తున్నయ్. నన్నే మా ఇంటామె గడప దాటనిస్తలేదు. కుక్కకు బొచ్చున్నదట, కోడికి ఈకలున్నయట, నాది బట్టతలట."

"తుట్టెల ఒక్క ఈగ లేదు సారూ. ఎప్పుడో ఎల్లిపోయినయ్. ఉత్త మైనం మిగిలింది."

శ్రీశైలం తువ్వాలు విప్పి బయటికి వచ్చాడు. కుక్క పక్కన నిలబడి తుట్టెను తేరిపార చూసి, వెంటనే ఫోన్ తీశాడు. ఈగలు రాకముందు రోజూ పొద్దుగూకే దాకా ఆ చెట్టు కింద తనతో పేకాడిన నలుగురికీ "వచ్చెయ్యండిరా" అని చెప్పి, కుర్చీల కోసం లోపలికి పరుగెత్తాడు.

అతని భార్య పుష్పలత చాయ్ తెచ్చి, వచ్చిన మనిషి చేతికిచ్చింది. ఈగలు పట్టినప్పటి నుంచి ఆ ఇంట్లో చాయ్ గిన్నె పొద్దున ఒక్కసారే పొయ్యి ఎక్కుతోంది.

"అవి ఎల్లిపోయిన్నాడే చూసిన అన్నా," అంది మెల్లగా. "తుట్టె గట్లనే ఉంచితే మళ్ల ఎప్పుడొస్తయ్?"