ఊరంతా సంతోషమే

మంగాయమ్మ టెంటు వైపు రావడం చూసి బుల్లిరాజు మొహం చిట్లించాడు.

"వస్తున్నారండి. మళ్ళీ మైకు గొడవే," అన్నాడు పక్క కుర్చీలో ఉన్న విలేఖరి సాయిరాంతో. "పోటీలు మొదలైన కాణ్ణించీ ఇదే వరస. ఆవిడ ఇల్లు కబడ్డీ కోర్టుని ఆనుకునుందండి. వాళ్ళాయన ధనరాజుగారికి గుండెజబ్బు. చప్పుడు లేనిచోట ఉంచమని అమలాపురం డాక్టరు చెప్పేడంట. మైకు లేకుండా కబడ్డీ పోటీలేంటండీ? ఊరంతా సంతోషంగా ఉంటే ఈ ఒక్క ఇంటికే వచ్చింది కష్టం."

బుల్లిరాజు పోటీల కమిటీకి ప్రెసిడెంటు. రాజోలు చుట్టుపక్కల ఏ ఊరికీ దక్కని జిల్లాస్థాయి పోటీలు తన ఊరికి తెచ్చానని ఆయన గర్వం. పోటీలు పెడితే జనానికి ఒరిగేదేమిటో రాద్దామని సాయిరాం వచ్చాడు. పొద్దుటినుంచీ బుల్లిరాజు చెబుతూనే ఉన్నాడు. గట్టు తగాదాలున్న వాళ్ళు ఒకే బల్ల మీద కూర్చుని ఆట చూస్తున్నారట. బయటూరి ఆటగాళ్ళకి ఇంటింటా భోజనాలట.

పోయినేడు పెట్టిన వాలీబాల్ సంగతి కూడా చెప్పాడు. సరిగ్గా ఫైనల్ నాడు ఊళ్ళో కాంతం అనే ఆవిడ అత్తగారు పోయింది. ఊళ్ళో శవం ఉండగా ఆటేమిటని ఆపేశారు. బయటూరి జట్లు కప్పు తేలకుండానే వెళ్ళిపోయాయి. ముసలావిడ ఒక్కపూట ఆగలేకపోయిందా అని కుళాయి దగ్గర కాంతాన్ని ఇప్పటికీ ఎవరో ఒకరు దెప్పుతూనే ఉంటారు. చచ్చిపోయినందుకు కూడా మనిషిని క్షమించని ఊరది. సాయిరాం ఇదేమీ రాసుకోలేదు.

మంగాయమ్మ దగ్గరికొచ్చింది. ఆవిడ నోరు తెరవకముందే బుల్లిరాజు అందుకున్నాడు.

"తగ్గించడం కుదరదండి అక్కయ్యగారూ. ఇవాళ ఫైనల్."

"తగ్గించమనట్లేదండీ. పెంచమని చెప్పడానికొచ్చేను."

బుల్లిరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నిన్న నా పోరు పడలేక ఆ మైకు గొట్టం అటు తిప్పించేరు కదండీ. దాన్ని మళ్ళీ మా ఇంటి వైపే తిప్పించండి."

"మరి బావగారికో?"

"ఆయనకేం ఇబ్బంది లేదండీ. మోహన్ ఆడుతున్నాడు కదా. వాడి పేరు మా ఇంట్లో గట్టిగా వినబడాలి."

మోహన్ ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. వాడు కూతకి వెళ్ళాడంటే ఎవరినో ఒకరిని అంటుకోకుండా తిరిగి రాడని పేరు. విశాఖపట్నంలోని ఓ ఫ్యాక్టరీ జట్టు కోచ్ ఇవాళ్టి ఆట చూడ్డానికే వచ్చాడు. నచ్చితే జట్టులో చోటు, దాంతోపాటు పర్మినెంటు ఉద్యోగం. డిగ్రీ తప్పి, గల్ఫ్ ఏజెంటు చేతిలో మోసపోయి కూర్చున్నవాడికి ఇంతకంటే దారి లేదు.

"విశాఖపట్నం ఆయన వచ్చేరాండీ?"

"ఆయ్, వచ్చేరు. ఆట చూసుకుని సాయంత్రం బస్సుకి వెళ్ళిపోతారు."

"ఆట మధ్యలో ఆగదు కదండీ?"

"ఎందుకాగుద్దండి? మబ్బు కూడా లేదు. పోనీ, ఓసారి మోహన్ని ఇంటికి పంపమంటారా? వాళ్ళ నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టుకుని వెళ్తాడు."

"వద్దండీ!" ఆవిడ గొంతు ఒక్కసారి హెచ్చింది. తర్వాత తగ్గించుకుంది. "మూడ్రోజుల్నించీ జట్టుతో స్కూల్లోనే పడుకుంటున్నాడు. ఇప్పుడు ఇంటికొస్తే ధ్యాస చెదిరిపోద్దండీ."

ఆవిడ వెళ్ళిపోగానే బుల్లిరాజు సాయిరాం భుజం తట్టాడు.

"చూసేరా? నిన్నటిదాకా తగ్గించమన్న మనిషి ఇవాళ పెంచమంటోంది. ఊళ్ళో ఆటలు పెట్టడమంటే అదండీ. రాసుకోండి."

సాయిరాంకి ఇదేదో బాగుందనిపించింది. ఆట మొదలయ్యేలోపు ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడదామని ఇంటికి వెళ్ళాడు. గొట్టం అప్పటికే ఇటు తిప్పేశారు. ఆ మోతకి పెంకుల కప్పు అదురుతోంది. మంగాయమ్మ మూసిన తలుపుకి వీపు ఆనించి గుమ్మంలో కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మీ ఊళ్ళో పోటీలు జరగడం ఎలా ఉందండీ?" అని అరిచినట్టుగా అడిగాడు.

"చాలా సంతోషంగా ఉందండీ."

"ధనరాజుగారిని కూడా ఓ మాట అడగొచ్చా?"

"నిద్రపోతున్నారండీ."

"ఇంత మోతలోనా?"

"రాత్రంతా అవస్థ పడ్డారండీ. లేపకండి బాబూ."

సాయిరాం బలవంతపెట్టలేదు. ఆవిడ చెప్పిన మొదటి మాట ఒక్కటీ రాసుకుని కోర్టుకి వెళ్ళిపోయాడు.

ఆట హోరాహోరీగా సాగింది. మైకులో మోహన్ పేరు మోగుతూనే ఉంది. చివరి కూతకి మోహనే వెళ్ళాడు. ముగ్గురు మీద పడ్డా గీత దాకా ఈడ్చుకొచ్చి చెయ్యి ఆనించాడు. ఊరు గెలిచింది. ఈలలు, టపాకాయలు, తువ్వాళ్ళు గాల్లోకి. కోచ్ అందరి ముందూ మోహన్ చెయ్యి పట్టుకుని, సోమవారం వచ్చి ఉద్యోగంలో చేరమన్నాడు.

బుల్లిరాజుకి ఆనందంతో పాటు కాస్త సిగ్గు కూడా వేసింది. ఎంతైనా జబ్బు మనిషి ఉన్న ఇల్లు. కప్పు చేతికివ్వగానే మైకు ఆపించాడు. మోహన్ని కుర్రాళ్ళు భుజాల మీద ఊరేగిస్తుంటే, శుభవార్త తనే చెబుదామని మంగాయమ్మ ఇంటికి నడిచాడు. ఆవిడ ఇంకా గుమ్మంలోనే ఉంది.

"అక్కయ్యగారూ! మోహన్ని తీసేసుకున్నారండి!"

"విశాఖపట్నం ఆయన గట్టిగా మాటిచ్చేరాండీ?"

"ఊరందరి ముందూ ఇచ్చేరు. సోమవారమే చేరమన్నారు."

"కప్పు కూడా ఇచ్చేసేరా?"

"ఆయ్, ఇచ్చేసేం. అంతా అయిపోయింది. మైకు కూడా ఆపించేసేను, బావగారిని ఇంక హాయిగా పడుకోనివ్వండి. ఊళ్ళో అందరూ మీవాడి పేరే చెప్పుకుంటున్నారు. ఎంత సంతోషంగా ఉన్నారనుకున్నారు!"

మంగాయమ్మ మెల్లగా లేచి నిలబడింది. తలుపు గెడ మీద చెయ్యి వేసి, ఆయన మొహంలోకి చూసింది.

"అయితే, ఇంక నేను ఏడవొచ్చాండీ?"