నిలబడ్డందుకు జీతం

"ఊరికే నిలబడ్డందుకు మీ చెట్లకు మేం జీతమివ్వాలా బావగారూ?" నవ్వాడు ఏటి దిగువన ఇటుక బట్టీలు నడిపే వియ్యంకుడు.

"మీ బట్టీల పొగ మింగుతున్నవి అవే మరి!" ఎగువ ఊరి పెద్ద మీసం దువ్వాడు. "మా అడవిలో కొమ్మ కూడా విరగలేదు."

అడవిని కాపాడినందుకు బట్టీలవాళ్లు ఎగువ ఊరికిచ్చే పరిహారం ఒప్పందం రాస్తున్న అధికారిణి ఉపగ్రహం తీసిన ఫొటో చూపించింది. "ఇక్కడుండే పెద్ద చెట్టొకటి ఇప్పుడు లేదండీ. కొట్టిన ప్రతి చెట్టుకూ పరిహారంలో కోత ఉంటుంది."

ఊరి పెద్ద ఎదురుగా ఉన్న బల్ల వైపు చూశాడు. ఆ చెట్టుతో చేయించి వియ్యంకుడి ఇంటికి తను పంపిన భోజనాల బల్ల చుట్టూనే ముగ్గురూ కూర్చున్నారు.

"నిజమేనమ్మా. కోసెయ్యి," అన్నాడు తలవంచి.

"ఆగు తల్లీ! అది మా లెక్కలో రాయి," వియ్యంకుడు బల్ల మీద తట్టాడు. "గొడ్డలి ఆయనదే. కానీ బల్ల కావాలని ఏడాదంతా ఆయన ప్రాణం తీసింది నేను."