పేటకు కట్టిన బండి

నరసరావుపేట ఆసుపత్రికి పోదామని భర్త ఎడ్లు కట్టగానే, నిండు చూలాలు సువార్తమ్మ బండెక్కి కూర్చుంది. అత్త మార్తమ్మ వచ్చి బండికి అడ్డంగా నిలబడింది.

"దిగవే! ఇద్దరు బిడ్డల్ని ఇచ్చిందీ దేవుడే, పురిట్లో తీసుకుందీ దేవుడే. ఈసారి బతికించదలిస్తే ఇంట్లోనే బతికిస్తాడు. నీకు నమ్మకం లేదా ఏంది?"

"ఉంది కాబట్టే పోతున్నానత్తా. పేటకు ఆ డాక్టరమ్మని పంపింది ఆయన కాదా?"

"అక్కడా బిడ్డ దక్కకపోతేనో?"

సువార్తమ్మ చూపు దించలేదు.

"అప్పుడూ ఆయన్నే నమ్ముతా. కానీ, చేయగలిగింది చేయకుండా కూచుని నెపం ఆయన మీద వెయ్యను. రెండుసార్లు వేశాం, చాలు."

ఆ పసికందులిద్దరినీ గుడ్డలో చుట్టి సాగనంపింది మార్తమ్మ చేతులే.

చివరికి కుచ్చెళ్లు ఎగదోపుకుని తనూ బండెక్కింది.

"జరుగు. దారంతా గతుకులే, నా ఒళ్లో తల పెట్టుకో."