గరాటు కింద కుప్ప

"చెయ్యి తియ్! ఎవరు నువ్వు?" తనూజ అరిచింది.

తెల్లపొడిలో వేళ్లు పెట్టిన ముసలాయన ఉలిక్కిపడ్డాడు. చెప్పులు ల్యాబు గుమ్మం బయటే విడిచి వచ్చాడు.

"సారును చూడల్లని వచ్చినానమ్మా. కమలాపురం మాది."

"సారు మీటింగులో ఉన్నారు. బయట కూర్చో."

రేపే ఎగ్జామినర్లు వస్తారు. తను తయారుచేసే మాత్ర వాళ్ల పరీక్షలో నిలిస్తే తనూజకు పీహెచ్‌డీ. లేకుంటే మూడేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. మందు కడుపులో మెల్లగా కరిగేలా పట్టి ఉంచే పాలిమర్ పొడి అది. పొద్దున్నుంచి ఒక్క బిళ్లా సరిగా రాలేదు. అచ్చుకు అంటుకుని పైపొర ఊడిపోతోంది.

ముసలాయన కదల్లేదు. పొడి ఎంత బాగా జారుతుందో చూసే గరాటులోంచి పడిన కుప్పనే చూస్తున్నాడు.

"తేమ పట్టిండాదమ్మా. కుప్ప చూడు, ఎట్ల నిక్కి నిలబడిందో. ఆరిన పొడైతే జారి పరుచుకుంటాది."

"కడపలో తేమా? ఏం చదివినావు నువ్వు?"

"ఐదో తరగతమ్మా."

తనూజకు నవ్వొచ్చింది. ఆయన చెయ్యి బల్లమీది పాత నోటుబుక్కు మీదికి పోయింది. ఆమె చటుక్కున లాక్కుంది.

"అది ముట్టుకోవద్దు! ప్రతి పొడినీ కొలిచి డి.ఆర్. గారు రాసిన పుస్తకం. అంత పెద్ద సైంటిస్టు రాతలు నీకెందుకు? పో!"

ముసలాయన పుస్తకాన్ని ఒకసారి చూసి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి గుర్తొచ్చింది. రెండు రోజులుగా ముసురు. కడప ఎండలకు అలవాటుపడిన ల్యాబులో పొడి డబ్బా మూత బిగించేవాళ్లెవరు?

పొడిని గంటసేపు ఓవెన్‌లో ఆరబెట్టి గరాటులో పోసింది. కుప్ప జారి పరుచుకుంది. బిళ్లలు నున్నగా వచ్చాయి.

సంతోషం రాలేదు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. బస్టాండుకు పరుగెత్తింది. కమలాపురం బస్సు ఎప్పుడో పోయింది.

తిరిగొచ్చేసరికి ల్యాబు గుమ్మంలో గైడు వీరభద్ర సారు.

"కమలాపురం నుంచి ఒకాయన వచ్చినాడా తనూజా? నీ మాత్రల కోసమే బతిమాలి పిలిపిస్తి."

"వచ్చినాడు సార్. నేనే... పొమ్మన్నాను. ఎవరు సార్ ఆయన?"

సారు బల్లమీది పాత నోటుబుక్కు వైపు చూశారు.

"దావీదురాజు. ముప్పై ఏండ్లు ఈ ల్యాబు ఊడ్చిన అటెండరు. నువ్వు రోజూ కండ్లకద్దుకునే ఆ పుస్తకం ఆయన రాసిందేనమ్మా."